కుస్తీ మైకు కోసం వదులుకున్న ప్రమోషన్

పదకొండేళ్ల క్రితం, మార్చి మొదటి వారంలో నాకు సీనియర్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ వచ్చింది. అప్పటికి నేను బోధన్‌లో ఓ సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ను. అంటే వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, మళ్లీ ఎవరికీ దొరకనంత భద్రంగా దాచేవాణ్ని. కొత్త పోస్టింగు నిజామాబాద్‌లో. పదిహేను రోజుల్లో చేరకపోతే ప్యానెల్ నుంచి, అంటే ఆ ఏటి ప్రమోషన్ల జాబితా నుంచి, పేరు ఎగిరిపోతుంది.

పెరిగే జీతంతో మా ఆవిడ సువర్ణ, సగంలో ఆగిన మా ఇంటి గోడలకు సిమెంటు గిలాబు పూయించి, రంగులేసి, ఊరందరినీ భోజనాలకు పిలిచేసింది, ఊహలోనే.

నాకు జీతం లేని రెండో కొలువొకటి ఉండేది. ఎండాకాలం జాతరల్లో కుస్తీ పోటీలకు మైకు పట్టేవాణ్ని. మహారాష్ట్ర పహిల్వాన్లు కూడా దిగుతారు కాబట్టి తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడింట్లోనూ అరవాలి. మొదటి జోడీకి బహుమతి కొబ్బరికాయ, ఆఖరి జోడీకి వెండి కడియం. అందాకా జనాన్ని కదలనీయకపోవడం మైకువాడి పని. నేను అరిస్తే నవీపేట్ దగ్గర గోదావరిలో చేపలు తలలెత్తి, ఎవరు గెలిచారని అడిగేవి.

మంచిరోజు లేదన్న సాకుతో పద్నాలుగు రోజులు గడిపాను. పదిహేనో రోజునే చందూర్‌లో కుస్తీలు. పొద్దున చేరిపోయి మధ్యాహ్నం సెలవు పెట్టాలని నా పథకం. నిజామాబాద్ ఆఫీసులో సూపరింటెండెంట్ మేడం నా జాయినింగ్ రిపోర్టు అందుకోకముందే సెలవడిగాను.

“చేరకముందే లీవా? మార్చి లెక్కలున్నయ్. ఎండాకాలమంత ఆదివారాలు గూడ రావాలె.”

“జాతర్లన్ని ఎండాకాలమే ఉంటయ్ మేడం.”

“అయితే జాతరనే ప్రమోషన్ ఇయ్యమను, పో!”

తెల్లకాగితం తీసి, ప్రమోషన్ వదులుకుంటున్నానని రాసి, ఇన్‌వార్డులో ముద్ర వేయించాను. మేడం దాన్ని మూడుసార్లు చదివి, ఇంట్లో తెలుసా అని అడిగింది. తెలియదు.

బస్టాండు నుంచి సువర్ణకు ఫోన్ చేశాను.

“అడుగుతున్నవా, చెప్తున్నవా?” అంది.

“చెప్తున్న.”

“నేను గూడ చెప్తున్న. గిలాబు నువ్వే చెయ్యాలె. తాపీ కొనుక్కొని రా.”

చందూర్ చేరేసరికి కొబ్బరికాయ జోడీ ఒంటికి మట్టి రాసుకుంటోంది. “వచ్చిండ్రా మనోడు! ఇగ చెవులల్ల దూది పెట్టుకోండ్రి!” అని ఎవరో కేక వేశారు. ఆ రోజు కడియం ఎవరికి దక్కిందో మర్చిపోయాను గానీ, అంత ఆనందంగా నేనెప్పుడూ అరవలేదు.

తర్వాతి వారం నాకు సాయంగా నలుగురు పహిల్వాన్లు వచ్చి, సిమెంటు బస్తాలను చంటిపిల్లల్లా చంకనేసుకున్నారు. సువర్ణ పెట్టిన అన్నం ఖర్చు మేస్త్రీ కూలిని దాటిపోయింది. గోడ మాత్రం గోదావరి అలల్లా వచ్చింది. అది చూసి ఆమె నవ్వింది, కాకపోతే మూడు రోజుల తర్వాత.

జూనియర్ అసిస్టెంట్‌గానే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఇష్టమైన పని కోసం పెద్ద జీతం వదులుకోవచ్చనే ఇప్పటికీ చెబుతాను. అయితే సంతకం పెట్టకముందే ఇంట్లో అడగాలి. వదులుకునే జీతంలో సగం వాళ్లది.