మా ఇంటి క్యాలెండర్లో దొంగరాతలు

మొన్న ఆదివారం మా ఇంట్లో నేనే గెల్చినా! ఎట్ల గెల్చినానో వినండి. నవ్వితే మాత్రం ఇంకో టీ పోయను.

మా ఆయన, మా మామ, నేను ఉండేది పెనుకొండలో. మా ఆయనకు హిందూపురంలో ఉద్యోగం. ఆయన అక్క, మా వదిన, ధర్మవరంలో పట్టుచీరల అంగడి చూసుకుంటాది. ఎవరికి యాడ ఏం పని ఉండాదో అందరికీ తెలియాలని ఫోన్లలో ఒకటే క్యాలెండర్ పెట్టుకున్నాం. ఐడియా నాదే!

ఉన్నట్టుండి దాంట్లో నేను పెట్టనివి వస్తాండాయి. "శనివారం, పళ్ల డాక్టర్, హిందూపురం." మా ఆయన నాకోసం పెట్టినాడేమో అనుకొని, లీవ్ పెట్టి బస్సెక్కినా. ఆడ కౌంటర్లో పాప, "పెనుకొండ నుంచేనా? రండి మేడం" అనింది. డాక్టర్ నోరు తెరిపించి, లైటేసి చూసి, "కట్టుడు పళ్లు ఎవరికమ్మా?" అన్నాడు. నాకు ముప్పై రెండూ ఉండాయి సార్!

ఇంటికొచ్చి మా ఆయన్ను నిలదీసినా. ఆయన ఎంట్రీ ఓపెన్ చేసి చూపించినాడు. పెట్టినోళ్ల పేరు కాడ నా పేరే!

"నువ్వే పెట్టి నువ్వే మర్చిపోయినావు."

వదినకు ఫోన్ చేస్తే, "ఏమ్మే సుజాతా, బాదంపప్పు తిను, మతిమరుపు తగ్గుతాది" అని ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం పొద్దున్నే వల పన్నినా. "ఈ పొద్దు మధ్యాహ్నం ఇంట్లో బిర్యానీ" అని పెట్టి కాచుకున్నా. కాసేపటికే బిర్యానీ పోయి "ఓళిగలు" అయ్యింది, అవే బొబ్బట్లు! మా ఆయన స్నానంలో ఉన్నాడు, ఆయన ఫోన్ టేబుల్ మీదే ఉండాది. వరండాలోకి తొంగి చూస్తే మా మామ! నేనిచ్చిన పాత ఫోన్ పట్టుకొని, ఒంటి వేలితో టకటకా కొడతాండాడు.

"మామా! దొరికితివి!"

"దొరికేదేముందమ్మా? మాంసం నమల్లేక మార్చినా. మొన్న పళ్ల డాక్టరుకు ఫోన్ చేసి, మర్చిపోకుండా రాసుకుంటి. పోదామని లేస్తే నువ్వే పోయినావంట!"

ఆ ఫోన్లో నా అకౌంట్ తీయలేదు. ఆయన ఏం రాసినా నా పేరే పడతాండాది!

మా ఆయన్ను తడి తలతోనే లాక్కొచ్చి చూపించినా. వదినకు వీడియో కాల్ చేసినా. "ఇద్దరూ సారీ చెప్పండి!" చెప్పినారు! ఇద్దరూ చెప్పినారు!

సారీ చెప్పి వదిన, "మేము బస్సెక్కేసినాంలే" అనింది.

"యాడికి వదినా?"

"మీ ఇంటికే! ఓళిగలని క్యాలెండర్లో పిల్చినావు కదా. మా అత్తోళ్లు కూడా వస్తాండారు."

కేసు గెల్చిన డిటెక్టివ్ మధ్యాహ్నం దాకా యాడ ఉండాదనుకున్నారు? వంటింట్లో, మోచేతుల దాకా పిండితో, ఓళిగలు తట్టుతా!