మంచు కింద మొగ్గ

తిరుపతి కాలేజీలో మాకు వృక్షశాస్త్రం చెప్పిన మేడమ్ కొత్త మొక్క ఏది కనిపించినా కోసి, కాగితాల మధ్య పెట్టి ఆరబెట్టందే ఊరుకునేవారు కాదు. ఎత్తైన కొండల్లో నెలల తరబడి మంచు కింద ఉండే మొక్కల పాఠం వచ్చినప్పుడు మాత్రం ఆగిపోయేవారు. "నేను మంచే సూడలేదు. అవి ఎట్ల బతుకుతాయో మీకేం చెప్పేది?" అనేవారు.

తొంభైల చివర్లో ఒక వేసవిలో మమ్మల్ని హిమాలయాలకు తీసుకెళ్లారు. మేమంతా మంచు ముద్దలు విసురుకుంటున్నాం. ఆమె ఊపిరందక ఆయాసపడుతూనే, కరుగుతున్న మంచు అంచున చీరతోనే బోర్లా పడుకున్నారు. మబ్బు కమ్ముతోందని బస్సు డ్రైవరు కేకలేస్తున్నా వినకుండా వేళ్లతో మంచు తవ్వుతున్నారు.

"రాండప్పా, ఈడ సూడండి! మంచు కరక్కముందే మొగ్గ కట్టుకోని ఉండాది!"

గోరంత ఊదారంగు మొగ్గ. ఆమె కోసమే కదా అని నేను కోయబోతే చెయ్యి పట్టుకున్నారు.

"వద్దుమ్మా. దానికి ఎండ తగిలేది కొన్నాళ్లే. పూయనీ."

ఎర్రబడిన వేళ్లతోనే మంచును మళ్లీ దాని మీదికి లాగి, మెల్లగా కప్పారు.

బస్సు కొండ దిగుతుంటే చాలాసేపు కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి నావైపు తిరిగి, "మనం తిరుపతికి పోయేలోపల పూస్తాదంటావా?" అని అడిగారు.