దబ్బనంతో కుట్టిన నోటు పుస్తకం

మొన్న బడులు తెరిచే ముందు, రెండో తరగతిలోకి వచ్చిన మా మనవరాలి కోసం బడివాళ్ళు మా అమ్మాయి ఫోనుకి ఒక జాబితా పంపారు. జాబితా అంటే ఏవో నాలుగు పుస్తకాలు, ఒక పెన్సిలు అనుకునేరు. పెళ్ళికి పచారీ సామాను రాసుకున్నా అంత పొడుగుండదు. గీతల పుస్తకాలు ఆరట, గళ్ళవి నాలుగట, నాలుగు గీతల కాపీలు మూడట, అన్నిటి మీదా బడి బొమ్మ ఉండాలట, అవన్నీ బడిలోనే కొనాలట, ఆఖరికి అట్టలు వేసే కాగితం కూడా వాళ్ళ దగ్గరే తీసుకోవాలట. ఈ నెల గ్యాసు పొయ్యి మార్చుకుందామనుకున్న మా అమ్మాయి ఆ మాటే ఎత్తడం మానేసింది. పోయినేటి పుస్తకాల్లో సగానికి సగం తెల్లగానే ఉన్నాయి కదే, వాటితో కానివ్వమంటే, "అమ్మా, నువ్వు కాసేపు ఊరుకుంటావా? ఒప్పుకోరు వాళ్ళు," అని నా మీద విసుక్కుంది. ఆ పుస్తకాలన్నీ కట్టగట్టి, పాత పేపర్లు కొనేవాడి కోసం బాల్కనీలో పెట్టింది. ఆ కట్ట కంటబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతోంది.

మా అమ్మే గనక ఆ కట్టను చూసి ఉంటే నిధి దొరికినట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మాది గుంటూరుకి బస్సులో గంట దూరంలో ఉన్న మిరప ఊరు. నాన్న కౌలుకి తీసుకున్న రెండెకరాల్లో మిరప వేసేవాడు, అమ్మ ఆ కాలమంతా కాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. పిల్లలం ముగ్గురం: అన్నయ్య, నేను, తమ్ముడు. మే నెలాఖరులో అమ్మ మమ్మల్ని వెంటేసుకుని గుంటూరు పట్నం బజారులో పుస్తకాల కొట్టుకి తీసుకెళ్ళేది. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి, ఎందుకంటే అట్ట మీద నూరు పేజీలని రాసి ఉంటే, చదువు రాని మా అమ్మ, బస్తాలు లెక్కపెట్టిన అలవాటుతో, నిలబడి ఆ నూరూ లెక్కపెట్టేది. నాలుగు తగ్గాయంటే ఆ పుస్తకం పక్కన పెట్టి ఇంకోటి తీసేది. "మీ లెక్క తేలేలోపు బళ్ళు తెరిచేస్తారమ్మా," అని కొట్టాయన తల పట్టుకునేవాడు. ఇంత చేసీ కొనేది అన్నయ్యకి రెండు పుస్తకాలు, మా ఇద్దరికీ కలిపి ఒక పెన్సిలు. ఇంటికొచ్చాక దాన్ని కత్తిపీట మీద రెండు ముక్కలు చేసేది. రబ్బరున్న ముక్క ఏటా తమ్ముడికే వెళ్ళేది, ఆ కోపం నాకింకా తీరలేదు.

మిగతా పుస్తకాలు ఎక్కడివంటారా, అవి అమ్మ తయారుచేసేది. పాత పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలన్నీ ఊడదీసి, దొంతరగా పేర్చి, బస్తాలు కుట్టే దబ్బనంతో నడుమన కుట్టేసేది. మీలో నా ఈడు వాళ్ళిళ్ళల్లోనూ ఈ పని జరిగే ఉంటుంది, కానీ మీ అమ్మలు గీతలూ గళ్ళూ వేరు చేసి కుట్టి ఉంటారు. మా అమ్మకి కాగితమంటే కాగితమే. పద్యం సగం రాసి పేజీ తిప్పితే లెక్కల గళ్ళొచ్చేవి, వాటి వెనక నాలుగు గీతలు. ఆ పుస్తకం బయటికి తీసినప్పుడల్లా పక్కపిల్లలు మూతులు మూసుకుని నవ్వేవాళ్ళు.

అయిదో తరగతిలో ఉండగా మా బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. నా దస్తూరి బాగుంటుందని, ఆయనకి నా పుస్తకమే చూపిస్తాననీ, దానికోసం ఒక కొత్త పుస్తకంలో పాఠాలు రాసి తెమ్మనీ మాష్టారు చెప్పారు. ఆ ఒక్కసారికి కొన్న పుస్తకం కావాలని రెండు రోజులు ఏడ్చాను, ఒక పూట అన్నం కూడా మానేశాను. "కొత్తదేగా నీకు కావాల్సింది? ఇస్తాలే, ఏడవబాకు," అంది అమ్మ. మూడో రోజు మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి నా చేతిలో పెట్టింది చూద్దును కదా, అదీ కుట్టిందే! కాకపోతే ఈసారి అన్నయ్యని కూర్చోబెట్టి ఒక్క గీతల కాగితాలే ఏరించింది, అంచులు నాన్న గడ్డం బ్లేడుతో సమంగా కోసింది, క్యాలెండరు కాగితం తిరగేసి నున్నటి అట్ట వేసింది. అంత శ్రమపడి చేసిందే అని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. వేరే దారి లేక, తిట్టుకుంటూనే అందులో రాశాను.

ఆ పుస్తకం కుట్టేటప్పుడు ఇంట్లో దారం అయిపోతే అమ్మ ఏం చేసిందంటే, మిరపకాయలు తీసేసిన ఖాళీ టిక్కీ, అంటే బస్తా, మూతికున్న పురికొస లాగి, దాన్ని సన్నగా చీల్చి కుట్టింది. మిరప ఘాటులోనే పుట్టి పెరిగిన మా ఇంట్లో ఎవరి ముక్కుకీ అది తెలియలేదు. ఇన్‌స్పెక్టరేమో వేరే జిల్లా మనిషి. నా పుస్తకం తెరిచి, పేజీలు నిలవడానికి నడిమి కుట్టు మీద బొటనవేలితో గట్టిగా రుద్దాడు, రెండు పేజీలు చదివి అదే వేలితో కన్ను నులుముకున్నాడు. ఇక చూడండి, తుమ్ము మీద తుమ్ము, కళ్ళ వెంట ధారలు, మాష్టారు కుండ దగ్గరికి పరుగు, తరగతంతా గొల్లుమని నవ్వు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

మొహం కడుక్కొచ్చి ఆయన మళ్ళీ ఆ పుస్తకమే తీసుకుని, ఈసారి జాగ్రత్తగా అంచులు పట్టుకుని, వెన్ను వైపు తిప్పి చూశాడు. "ఎవరు కుట్టారమ్మా దీన్ని?" అన్నాడు. "కొన్నామండి, గుంటూర్లో," అనేశాను. "ఏ కొట్టోగానీ, కుట్టినవాడు పనిమంతుడమ్మా. ఇంత ఒద్దికైన కుట్టు నేనీమధ్య చూడలేదు," అని పుస్తకం నా చేతికిచ్చాడు. మా ఇంటి సంగతి తెలిసిన మాష్టారు నా వంక ఒక్క చూపు చూసి, ఆయన్ని పక్క తరగతికి తీసుకెళ్ళారు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. ఆఫీసరు చూశాడా, ఏమన్నాడని అడిగింది. దస్తూరి బాగుందన్నారని చెప్పాను. "కుట్టో?" అంది. ఉన్న మాట చెబితే నా అబద్ధం కూడా చెప్పాలి కదా, అందుకని కుట్టు గురించి ఏమీ అనలేదన్నాను. "సర్లే, ఆయనకేం తెలుసులే," అని కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అమ్మ ముప్ఫై ఏళ్ళు బతికింది. ఎన్ని పండగలకి వెళ్ళాను, ఎన్నిసార్లు పక్కన కూర్చుని తొడిమలు తీశాను, ఆ ఒక్క ముక్క చెప్పడానికి నా నోరేం పడిపోయిందో నాకే తెలియదు.

నిన్న బాల్కనీలో కట్ట విప్పి, బజారులో వెతికి వెతికి ఒక దబ్బనం కొనుక్కొచ్చి, మనవరాలు బొమ్మలు వేసుకోవడానికి ఒక పుస్తకం కుట్టాను. వేలికి రెండుచోట్ల గుచ్చుకుంది. ఈపూట పిల్ల దాన్ని పట్టుకొచ్చి, "అమ్మమ్మా, ఊడిపోతోంది, జిగురు పెట్టనా?" అంది. ఈ రోజుల్లో పుస్తకాలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తున్నాయి, పేజీలు లెక్కపెట్టేవాళ్ళూ లేరు, కుట్టిందెవరని అడిగేవాళ్ళూ లేరు, అడిగితే అబద్ధం చెప్పాల్సిన అవసరం మా మనవరాలికి రాదు. అమ్మ కుట్టినవి మాత్రం ఏడాది పొడుగునా మా సంచుల్లో నలిగినా ఒక్క కాగితం ఊడి రాలేదు. కుట్టినవాడు పనిమంతుడన్నాడమ్మా, అని ఇప్పుడు నేను ఎవరికి చెప్పను?