ధారూర్‌లో నేర్చుకున్న మాట

ఆంధ్ర, తెలంగాణ ఒకటైన కొత్తలో సంగతి. కాకినాడ నుంచి వచ్చిన నేనూ మా మామయ్యా ఆయన పాత కారులో వికారాబాదు మీదుగా తాండూరు వెళ్తున్నాం. అక్కడ రైల్వేలో పనిచేసే పెదనాన్న కూతురి పెళ్లి. మంగళసూత్రాలు మా దగ్గరే ఉన్నాయి.

ధారూర్‌లో టీ తాగి వచ్చి సెల్ఫ్ నొక్కితే ‘టిక్’మని ఊరుకుంది. మామయ్య హెడ్‌లైట్లు వేసి మళ్లీ నొక్కాడు. నేను ముందు నిలబడి చూస్తుంటే దీపాలు కొడిగట్టాయి. “బ్యాటరీ దిగిపోయింది. డైనమో ఛార్జి చెయ్యట్లేదు,” అని తేల్చాడు.

బస్సు కోసం నిలబడ్డ ఒక షేర్వానీ పెద్దమనిషి దగ్గరికొచ్చాడు. “ఫికర్ చెయ్యకుర్రి సాబ్. మీరు లోపల కూసోర్రి, మేం దొబ్బుతం.”

మామయ్య మొహం కందగడ్డలా అయింది. మా వైపు ఆ మాటంటే తలలు పగులుతాయి. “ఏమన్నారూ?”

“దొబ్బుతమంటున్న. గింతమందిమి ఉండి దొబ్బకుంట ఊకుంటమా?” అంటూ ఆయన షేర్వానీ చేతులు పైకి మడిచి కారు వెనక భుజం ఆనించాడు.

అక్కడ దొబ్బడమంటే నెట్టడమని అప్పుడర్థమైంది. నాకు నవ్వాగలేదు. బస్సు జనమంతా తలో చెయ్యీ వేశారు. కారు గుర్రుమని లేచింది. ఆపితే మళ్లీ లేవదని మామయ్య కిటికీలోంచి దండాలు పెడుతూనే ముందుకు పోనిచ్చాడు.

సరిగ్గా పెళ్లిపందిరి గుమ్మానికి అడ్డంగా ఇంజిను ఆగిపోయింది. సూత్రాలు లోపలికి పంపి, మామయ్య కాకినాడ నుంచి వచ్చిన వియ్యాలవారి వైపు తిరిగాడు. చేతులు జోడించి, ఎంతో మర్యాదగా అన్నాడు:

“అందరూ ఒక్కసారి వచ్చి దొబ్బండి!”