అప్ప అనని ఇంగ్లీషు మాట

నౌపడలో రైలు ఆగితే ఇప్పటికీ ముందు తగిలేది వాసనే. ఎండకు ఆరుతున్న ఉప్పుబురద, కాస్త నాచు, కాస్త ఇనుప తుప్పు కలిసిన వాసన. మొన్న వేసవిలో క్రాసింగ్ కోసం పది నిమిషాలు ఆపేసరికి ఎదుటి సీటులోని కాలేజీ అమ్మాయి సెల్‌ఫోనులో, ఏజెస్ నుంచి ఇక్కడే పడి ఉన్నామని ఎవరితోనో విసుక్కుంది. ఆ మాట నేను మొదట విన్నది ఈ స్టేషనుకు మైలు దూరంలో, మా అప్ప నోట. మా వైపు అక్కను అప్ప అనే అంటాం.

అమ్మ ఉప్పుమళ్లలో పనికి పోయేది గనుక మమ్మల్ని పెంచింది నాయనమ్మే. బాప్టిస్టు చర్చి తరఫున ఊరూరా తిరిగి వాక్యం చెప్పే మనిషి. ఆమె ఉన్న ఇంట్లో పెంచి చెప్పిన మాట అబద్ధంతో సమానం. క్రిస్మస్ ముందు అరిసెలు వేగుతుంటే, ఆ బెల్లం, నువ్వుల వాసనకు ఆగలేక పొయ్యి చుట్టూ తిరుగుతూ, ఎదురుచూసి కళ్లు కాయలు కాసిపోయాయని నేనంటే, ఆమె గరిటె పక్కన పెట్టి నా గడ్డం పట్టుకుని, "ఏ కంట్లో కాసిందిరా కాయ? సూపించు" అనేది. పావుగంటయితే పావుగంటనే చెప్పాలి.

నాకంటే ఏడేళ్లు పెద్దదైన అప్ప దీనికి ఒక దారి కనిపెట్టింది. మిషను బడిలో ఇంగ్లీషు టీచరమ్మ ఆలస్యంగా వచ్చే పిల్లల మీద విసిరే మాటలన్నీ ఏరుకొచ్చి, నాయనమ్మకు రాని భాషలో ఎంత పెంచినా పాపం అంటదని తేల్చేసింది. 'ఫర్ ఏజెస్' అంటే యుగాల నుంచి అని, 'ఐ గ్రూ ఓల్డ్' అంటే నీకోసం చూసి ముసలిదాన్నయిపోయానని నాకూ నేర్పింది. ముంజలకు పోయి నేను కాస్త ఆలస్యమైతే చాలు, నడుం వంచి, లేని కర్ర పొడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "ఐ గ్రూ ఓల్డ్ రా, ఒరే" అని వణికేది. నాయనమ్మ అదేదో పాఠం అనుకుని మెచ్చుకునేది.

పదో తరగతి పాసయ్యాక అప్పకు దూరాన ఒక ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది. బయల్దేరాల్సిన ఆ రోజే చేరడానికి ఆఖరి గడువు. హెడ్మాస్టరు సర్టిఫికెట్టు మీద పొద్దున్నే తన ఇంటి దగ్గర సంతకం చేసిస్తానన్నారు. అప్ప ట్రంకుపెట్టెతో స్టేషనులో కూర్చుంది. నేను పరుగెత్తాను. కాగితం వెంటనే ఇచ్చారు కూడా. తిరిగొస్తుంటే జీడితోట పక్కన ఎలుగుబంటి ఆట. ముక్కుతాడు కట్టిన ఆ జంతువు రెండు కాళ్ల మీద లేచి దండం పెట్టడం, పండిన జీడిమామిడి పళ్ల వగరు వాసన, డప్పు చప్పుడు. కాలం నాకు తెలియలేదు. ఆడించేవాడు భయం పోతుందని ఎలుగు వెంట్రుకను నల్లదారంతో నా మణికట్టుకు కట్టాడు.

అప్పుడు గుర్తొచ్చి పరుగు తీశాను. ఇవాళ 'ఫర్ ఏజెస్' చాలదు, ఇంకా పెద్ద మాటే అంటుందని అనుకుంటూ వచ్చాను. బండి వెళ్లిపోయి ప్లాట్‌ఫారం ఖాళీ. బెంచీ మీద అప్ప, ఒళ్లో చేతులు. హెడ్మాస్టరు గారే ఆలస్యం చేశారని చెప్పాను. అప్ప నా మణికట్టు చూసింది. దారం పళ్లతో కొరికి తెంపి, పట్టాల మీదికి విసిరేసింది.

"నాయినమ్మ సూస్తాది. నీళ్లు తాగు, ఎల్దాం."

ఇంట్లోనూ నేను చెప్పిందే చెప్పింది. వారం తిరక్కుండా అమ్మతో ఉప్పుమళ్లలోకి దిగింది. వేళ్ల సందులు పగిలి, అన్నం కలిపినప్పుడల్లా మంటకు మొహం అటు తిప్పుకునేది. నేను కావాలనే ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడేవాణ్ణి. "కూడు సల్లారిపోనాది" అనేది, అంతే. ఇంగ్లీషు మాట మళ్లీ ఆ నోట వినలేదు. తర్వాత నేను పత్రికలో వార్తలు దిద్దే పనిలో ఉన్నన్నాళ్లూ, వార్తలో 'గంటల తరబడి నిరీక్షణ' అని కనిపిస్తే, ఎన్ని గంటలో రాయమని విలేకరికి తిప్పి పంపేవాణ్ణి.

ఆ స్టేషను చెక్కబెంచీలు పోయాయి. ఎలుగులను ఆడించేవాళ్లు రావడం మానేశారు. మేమున్న వీధి పక్కనున్న ఉప్పుమళ్లు రొయ్యల చెరువులయ్యాయి. అప్ప పోయి రెండేళ్లు. చివరి జబ్బులో మంచం పక్కన కూర్చుని, ఆ రోజు బండి నా వల్లే తప్పింది అప్పా అన్నాను.

"ఒక బండి కాదురా, రెండు. రెండోదాన్ని కాగితం లేకుండానే ఎక్కీసేను. నువ్వొచ్చి ఎతుక్కుంటావని దిగిపోనాను."