డియోలిండా వేళ్ళ మీది ఇరవై ప్రశ్నలు

డియోలిండా బెటెన్‌కూర్ ముప్పై ఒక్క ఏళ్ళు మిల్లులో చొక్కాలకు కాలర్లు కుట్టింది. అమెరికాలో, ఫాల్ రివర్‌లోని మా పోర్చుగీసు పేటలో ఆవిడ కుట్టిన కాలర్ తొడగని మగవాడు లేడు. పక్క మిషను మీద కూర్చున్నదీ మనవాళ్ళే, రొట్టెల కొట్టూ మనవాళ్ళదే, గుళ్ళో ఫాదరూ మేమంతా వదిలి వచ్చిన పీకో దీవి వాడే. ఆవిడకు ఇంగ్లీషుతో పని పడలేదు. గ్రీన్ కార్డు పర్సులో పెట్టుకుని డెబ్భై ఒకటో ఏడు దాకా హాయిగా గడిపేసింది.

ఆ ఏడే పీకోలో ఉన్న చెల్లెలు ఇడలీనాకు చూపు పోయింది. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరి మనిషి. గోడలు తడుముకుని నడవడం, పొయ్యి వెలిగించుకోవడం అలవాటయ్యేదాకా ఏడాదిన్నరైనా అక్క పక్కన ఉండాలి. గ్రీన్ కార్డు వాళ్ళు ఏడాది దాటి బయట ఉంటే మళ్ళీ రానివ్వకపోవచ్చు. ఇక్కడేమో ముగ్గురు కొడుకులు, మనవలు. పౌరసత్వం ఒక్కటి వస్తే ఎన్నాళ్ళైనా ఉండి రావచ్చు.

"కుంపాద్రే, నేను పౌరసత్వం పరీక్ష రాస్తాను," అంది నాతో. ఆవిడ రెండో కొడుక్కి బాప్తిస్మం నాడు జ్ఞానతండ్రిగా నిలబడింది నేనే. ఆ వరస ఉన్నవాళ్ళం ఒకరినొకరం కుంపాద్రె, కుమాద్రె అనుకుంటాం.

"నీకు ఇంగ్లీషు రాదు కదా, కుమాద్రే."

"వాళ్ళకి పోర్చుగీసు రాదు. చెల్లుకి చెల్లు."

కనుక్కుంటే ఆవిడ మాటే నిజమైంది. అరవై ఐదు దాటి, గ్రీన్ కార్డు మీద ఇరవై ఏళ్ళు ఉన్నవాళ్ళకు ఇంగ్లీషు చదవడం, రాయడం అక్కర్లేదట. వంద ప్రశ్నలకు బదులు ఇరవై నేర్చుకుంటే చాలు. అందులోంచి పది దాకా అడుగుతారు, ఆరింటికి సరిగ్గా చెప్పాలి. అదీ సొంత భాషలోనే. దుబాసీని మాత్రం మనమే వెంటబెట్టుకెళ్ళాలి.

దుబాసీని నేనే, పంతుల్నీ నేనే. అక్కడే పొరపాటు జరిగింది. చిన్నప్పుడు నాకు చదువు చెప్పింది కాన్వెంటు సిస్టర్లు. సిస్టర్ ప్రశ్న అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో జవాబు, వెంటనే తర్వాతి ప్రశ్న. ఇంకోలా చెప్పడం నాకు తెలియదు. ప్రతి మంగళవారం పవిత్రాత్మ హాల్లో డియోలిండాకూ, ఆవిడ స్నేహితురాళ్ళకూ అలాగే చెప్పాను. జపమాల రాగంలో ఇరవై ప్రశ్నలూ అదే వరసలో గడగడా చెప్పేవాళ్ళు. డియోలిండా వేలికి రెండు చొప్పున పది వేళ్ళ మీద లెక్క పెట్టుకునేది. ఒక్క తప్పు దొర్లేది కాదు. నాకు గర్వంగా ఉండేది.

పరీక్ష రోజు బోస్టన్‌లో పౌరసత్వం ఆఫీసు మెట్ల దగ్గర ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇవాళ తిమింగలాలు వద్దు." మా మామయ్య ఈటె తగిలిన తిమింగలం ఆయన పడవను బ్రెజిల్ దాకా లాక్కెళ్ళి, బల్ల మీద సూపు చల్లారేలోగా తిరిగి తెచ్చిన సంగతి నేను చాలామందికి చెప్పాను. "నేనన్నది అన్నట్టు చెప్పు. ఒక్క ముక్క కలిపావో, రెండో వాడికి ఇంకో జ్ఞానతండ్రిని వెతుక్కుంటాను."

లోపల హాలరన్ అనే ఆఫీసరమ్మ, మహా అయితే ముప్పై ఏళ్ళుంటాయి, ఉన్నది ఉన్నట్టే చెబుతానని నాతో ప్రమాణం చేయించింది. "అమెరికా రాజధాని ఏది?" అని మొదలుపెట్టింది.

అది మా వరసలో పదిహేడోది. డియోలిండా నోరు మూసుకుని వేళ్ళు కదపడం మొదలెట్టింది. మధ్యలోంచి అడిగితే చెప్పడం నేనెప్పుడూ నేర్పలేదు. నిమిషం తర్వాత వాషింగ్టన్ అంది.

"జెండా మీద యాభై నక్షత్రాలు ఎందుకు?"

ఆఫీసరమ్మ గడియారం చూడటం డియోలిండా కంట పడింది. కంగారులో లెక్క ఒకటి దాటేసి, స్వాతంత్ర్య దినం ఎప్పుడన్న తర్వాతి ప్రశ్నకు జవాబు చెప్పింది. "జూలై నాలుగు."

యాభై రాష్ట్రాలున్నాయి కాబట్టి అని నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి "జూలై నాలుగు" అనే చెప్పాను. తప్పు పడింది. ఓటు ఏ వయసుకని అడిగితే మళ్ళీ ఒకటి దాటి, పన్ను కట్టే ఆఖరి తేదీ చెప్పింది. రెండో తప్పు.

"ఆవిడ చేతిలో ఏముంది?" అంది ఆఫీసరమ్మ.

డియోలిండా రెండు చేతులూ బల్ల మీద చాపింది. వాటిలో ఏమీ లేదు. "ఈ పిల్లకి చెప్పు, కుంపాద్రే. ఇరవయ్యీ నాకు వచ్చు. మొదటినుంచి వస్తేనే వస్తాయి. కాలర్ ముందు కుట్టి చొక్కా తర్వాత కుడతామా? పైకి చెప్పుకుంటూ రానిమ్మను. తను అడిగినది రాగానే బల్ల మీద కొడతాను."

అన్నది అన్నట్టు చెప్పాను, చొక్కాతో సహా. ఆఫీసరమ్మ పెన్ను కింద పెట్టింది. "బల్ల కొట్టినప్పుడు చెప్పిన జవాబే రాసుకుంటాను. ఇంక దిద్దుకోవడం ఉండదు. సరేనా?"

"అదే కదా నేనడిగేది, తల్లీ."

మొదటి అధ్యక్షుడు ఎవరని అడిగింది ఆఫీసరమ్మ. డియోలిండా ఒకటో ప్రశ్న నుంచి ఎత్తుకుంది. నేను వెనకాలే ఇంగ్లీషులో పరుగు. పదమూడో దగ్గర బల్ల అదిరింది. ఒప్పు. తర్వాతిది అడగ్గానే మళ్ళీ ఒకటి నుంచి. నాలుగోసారికి నా గొంతు ఎండిపోయి ఆఫీసరమ్మే మంచినీళ్ళు తెప్పించింది. ఆవిడ అడిగిన ఎనిమిదో ప్రశ్నకు డియోలిండా బల్ల కొట్టేసరికి ఆరు ఒప్పులయ్యాయి.

"చాలు, పాసయ్యారు," అంది ఆఫీసరమ్మ.

డియోలిండా చెయ్యి ఎత్తి ఆగమంది. జపమాల సగంలో వదలడం ఆవిడ ఎరగదు. మిగిలిన ప్రశ్నలూ ఇరవై దాకా చెప్పి, సిలువ గుర్తు వేసుకుంది. ఆఫీసరమ్మ కూడా, ఆలోచించకుండానే, వేసుకుంది.

"పౌరురాలిగా ప్రమాణం ఎప్పుడు?" అంది డియోలిండా.

"ఇంకో ఆరు వారాల్లో ఉత్తరం వస్తుంది. ఆ తర్వాత పాస్‌పోర్టు."

డియోలిండా పర్సులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "ఇడలీనాకి కలుపు. వంటింటి పక్క గదిలో పరుపు ఎండలో వేయించమను. ఎన్నాళ్ళుంటావని అడిగితే, నీ కాఫీ నువ్వు కాచుకునేదాకా అని చెప్పు."

ఒక్క ముక్క కలపకుండా చెప్పాను.