హుసేన్ పీరా సార్ ఒప్పుకోలేదు

హుసేన్ పీరా సార్ ఇక లేరన్న దుర్వార్త పుట్టపర్తి బస్సులో ఉండగా ఫోనులో విన్నాను. ముందురోజు సాయంత్రమే నివేదిక గురించి నాతో గొంతు చించుకుని మాట్లాడిన మనిషి, తెల్లవారేసరికి గుండె ఆగి పోయారంటే ఎలా నమ్మడం?

వాతావరణ మార్పులతో నష్టపోయిన ప్రాంతాలకు ఏ నిధులు, ఏ షరతులతో రావాలో అధ్యయనం చేసి ప్రభుత్వాలకు సూచించే స్వచ్ఛంద సంస్థ మాది. దాని అనంతపురం శాఖకు ఆయనే ప్రాణం. అపారమైన పాండిత్యం, అంతకు మించిన మొండితనం. ముసాయిదా ఏదైనా సరే, ఢిల్లీకి పంపే ముందు పల్లెలో రైతులను కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించాల్సిందే. "ఎవురి పేరు చెప్పి అడుగుతాండామో వాళ్లకే తెలీకుంటే అది నివేదిక కాదమ్మా, మోసం" అనేవారు.

పోయిన ఎండాకాలం విడపనకల్లు దగ్గర ఒక పల్లెలో అలాగే చదివాం. సౌర పంపులకు సులభ రుణాలు ఇవ్వాలన్న వాక్యం రాగానే ఓబులమ్మ అనే రైతు అడ్డుకుంది.

"ఏమప్పా, మా బోరు ఎండిపోయి ఉండాది. పంపుకు అప్పిస్తే ఏం తోడుకోవాల? మన్నా?"

సార్ పకపకా నవ్వారు. "అట్ల అడుగు తల్లీ!" అంటూ అక్కడికక్కడే ఆ వాక్యం కొట్టేశారు. ఈ కరువు సీమకు కావలసింది రుణం కాదు, తిరిగి కట్టనక్కరలేని సాయమని రాశారు.

ఆ మాట మా సంస్థ పెద్దలకు మింగుడుపడలేదు. రుణాలు వద్దంటే దాతలు నొచ్చుకుంటారట! సార్‌కు చెప్పకుండానే పాత వాక్యాన్ని మళ్లీ చేర్చారు. "ఆ యమ్మ అడిగినదాన్ని తీసేసినారు. దీని మీద నా పేరు ఉండకూడదు" అన్నారాయన ఆ సాయంత్రం. నేను విన్న ఆయన ఆఖరి మాట అదే.

ఖబరస్తాన్‌లో మట్టి వేసి వచ్చామో లేదో, మొన్నటిదాకా మొండివాడని ఈసడించినవారే మహామనీషి అంటూ కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆదివారం సంస్మరణ సభలో ఆ నివేదికనే, అట్ట మీద ఆయన పేరుతో ఆవిష్కరిస్తారట. ఇదేం న్యాయమని అడిగితే మా డైరెక్టర్ నింపాదిగా, "ఇప్పుడాయన అభ్యంతరం చెప్పరు కదమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

సార్, మీ స్థానం భర్తీ చేయగలవారు ఇక్కడ ఎవరూ లేరు. మీ విద్వత్తు నాకు లేదు, మీ ధైర్యంలో సగమూ లేదు. అయినా ఆ సభకు వస్తాను. మీ పటానికి దండ వేయను. ఆ పుస్తకం విప్పబోయే క్షణాన లేచి నిలబడి, మీరు ఒప్పుకోలేదని అందరికీ వినబడేలా చెబుతాను. సోమవారం నా ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.